నల్లమలలో మొరాయించిన పెడల్

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్ళేవాళ్ళు ఏం మరిచినా ఒక్కటి మరవరు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం మీదుగా పోయే 765వ జాతీయ రహదారిని రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు. మన్ననూరు చెక్‌పోస్టు ఆలోపే దాటాలి. మాకా ఇబ్బంది లేదు. డిండి దగ్గర టీ తాగి, మధ్యాహ్నానికే అడవిలోకి వచ్చేశాం. ఫర్హాబాద్ వైపు ఎక్కుతుండగా బావ గేరు తగ్గించాడు, మళ్ళీ తగ్గించాడు. బండి మాత్రం నడకలోకి దిగింది.

"ఏందిరా ఇది? నేల దాకా తొక్కినా పట్టించుకోవట్లా!"

మీటర్లో పసుపు రంగు ఇంజను గుర్తు వెలిగింది. కారు ఆపి తాళం తిప్పి మళ్ళీ స్టార్ట్ చేస్తే బుద్ధిగా నాలుగు మలుపులు పోయింది, మళ్ళీ అదే వరస. ఆగిన చోట కోతులు బానెట్ ఎక్కి కూర్చున్నాయి. ఫోన్లో సిగ్నల్ లేదు. పెద్ద బండ్లకు దారి వదులుతూ, పాక్కుంటూ వెనక్కి మన్ననూరు చేరి అచ్చంపేట మెకానిక్‌కి ఫోన్ చేశాం.

అంబాసిడర్, మారుతి 800 రోజుల్లో యాక్సిలరేటర్ పెడల్‌కీ కార్బురేటర్‌కీ మధ్య ఒక ఇనప కేబుల్ ఉండేది. అది తెగితే తెగినట్టు కంటికి కనిపించేది. ఇప్పటి కార్లలో ఆ కేబుల్ లేదు. తొక్కడమంటే ఇంజను కంప్యూటర్‌కి అర్జీ పెట్టుకోవడమే. పెడల్ మొదట్లో రెండు సెన్సార్లుంటాయి. పాదం ఎంత దిగిందో రెండూ విడివిడిగా వోల్టుల్లో చెబుతాయి. చాలా కార్లలో ఒకదాని అంకె రెండోదానికి రెట్టింపు ఉండాలి. లెక్క కుదరలేదా, కంప్యూటర్ ఎవరి మాటా నమ్మదు. వేగం కోసేసి, బండిని పక్కకు తీసుకెళ్ళడానికి సరిపడా బలం మాత్రం వదులుతుంది. అడవిలో అది మొండితనంలా కనిపించింది గానీ, తొక్కకుండానే కారు దూసుకుపోవడం కన్నా వెయ్యి రెట్లు నయం.

ఆ భయం ఉత్తది కాదు. 2009 ఆగస్టులో అమెరికాలోని శాన్ డియాగో దగ్గర ఒక లెక్సస్ కారు అదుపు తప్పి నలుగురు చనిపోయారు. ఆ కారుది కాని ఫ్లోర్ మ్యాట్ పెడల్‌ని నొక్కిపట్టిందని తేలింది. టయోటా లక్షల కార్లు వెనక్కి పిలిచింది. తప్పు ఎలక్ట్రానిక్స్‌దేమోనని నాసా ఇంజనీర్లతో కూడా వెతికించారు. అంత ప్రమాదకరమైన వేగాన్ని పుట్టించగల ఎలక్ట్రానిక్ లోపమేదీ దొరకలేదని 2011 ఫిబ్రవరిలో ప్రకటించారు. బ్రేకూ యాక్సిలరేటరూ ఒకేసారి తొక్కితే బ్రేకు మాటే నెగ్గే ఏర్పాటు ఆ గొడవ తర్వాత కార్లలో బాగా పెరిగింది.

మెకానిక్ కుర్రాడు బైకు మీద, భుజానికి సంచీతో వచ్చాడు. పాతికేళ్ళుంటాయేమో. ముందు మ్యాట్ తీసి అవతల పడేశాడు. తర్వాత నన్ను కారు వెనక నిలబెట్టి, బావని బ్రేకు తొక్కి వదలమన్నాడు. "లైటు ఆరుతుందా సార్? ఆరకపోతె కంప్యూటర్‌కి ఎప్పుడూ బ్రేకు మీదనే ఉన్నట్టు లెక్క. ఎంత తొక్కినా ఇయ్యది." లైటు శుభ్రంగా ఆరింది.

అప్పుడు తీశాడు అగ్గిపెట్టెంత స్కానర్. స్టీరింగ్ కింద పదహారు రంధ్రాల సాకెట్‌లో గుచ్చి ఫోన్ చూశాడు. పి2138: రెండు పెడల్ సెన్సార్లకీ పొత్తు కుదరడం లేదు.

"ఈ కోడ్ సూడంగనే పెడల్ మార్చాలంటరు సార్. జర ఆగున్రి, ముంగట వైరు సూద్దాం."

నాకు నచ్చింది ఆ "ఆగున్రి". కోడ్ చెప్పేది లెక్క తప్పిందని మాత్రమే, తప్పించిందెవరో కాదు. ఇంజను ఆపి, తాళం మాత్రం ఆన్‌లో ఉంచి, పెడల్‌ని చేత్తో మెల్లగా నొక్కాడు. ఫోన్లో ఒక అంకె 0.8 నుంచి ఎక్కుతుంటే రెండోది 0.4 నుంచి దాని వెంటే వస్తోంది. రెండో చేత్తో పైనున్న వైరు కదిపాడు. రెండో అంకె గభాలున సున్నాకి పడిపోయింది.

తాళం తీసేసి కనెక్టర్ ఊడదీస్తే ఒక పిన్ను మీద పచ్చటి చిలుము. వైరు కట్ట పట్టుకుంటే తడి తగిలింది. బానెట్ ఎత్తి వైపర్ల కింద జాలీ చూపించాడు. వేపాకులు కుళ్ళి, నీళ్ళు పోయే దారి పూడుకుపోయింది. వాన నీళ్ళు పక్క సందులోంచి లోపలికి దిగి, వైరు వెంబడే వచ్చి కనెక్టర్‌లో చేరాయి. స్ప్రే కొట్టి, చిన్న బ్రష్‌తో రుద్ది, వదులైన పిన్నుని సన్నటి సూదితో సర్ది బిగించాడు. మళ్ళీ వైరు కదిపితే అంకెలు కదల్లేదు. కోడ్ చెరిపేసి, రంగాపూర్ ఘాటు దిగి ఎక్కి వచ్చాడు.

బావ డబ్బులివ్వబోతూ, పెడల్ కూడా మార్చేస్తే పీడా పోతుంది కదా అన్నాడు. కుర్రాడు నవ్వాడు. "అది విప్పి బాగుచేసేది కాదన్నా, మొత్తం సెట్టు కొనాలె. మంచిగున్నదాన్ని ఎందుకు పారేస్తరు? మల్ల వస్తె ఈ కనెక్టర్ కోసి కొత్తది ఏపియ్యున్రి." బావ పెట్రోలు బిల్లు వెనక ఆ కోడ్ నంబరూ, కింద "కనెక్టర్, పెడల్ కాదు" అనీ రాసుకుని డాష్‌బోర్డు అరలో పెట్టాడు.