టేపు పెట్టి కొలిచావా?

మా మనవరాలు ఇక్కడే చెన్నైలో విజువల్ కమ్యూనికేషన్ చదువుతోంది. పోయిన ఏడాది కాలేజీలో ఏదైనా ఒక పాటకు వీడియో తీసి ఇమ్మన్నారట. నలుగురు స్నేహితులు కలిసి త్యాగరాజస్వామివారి ‘నగుమోము’ కీర్తన ఎంచుకున్నారు. పాడే అమ్మాయి తంజావూరు పిల్ల. ఆభేరి గొంతులో చక్కగా పలుకుతుంది గానీ తెలుగు ముక్క రాదు. “తాతా, నువ్వు సినిమాల్లో కెమెరా దగ్గర పనిచేశావు కదా, మాకు షాట్లు ప్లాన్ చేసి పెట్టు” అంటూ అందరూ మా ఇంటికి వచ్చేశారు.

నేను కోడంబాక్కంలో కెమెరా అసిస్టెంటుగా ఉన్నది నాలుగేళ్లే, 1976 నుంచి 1980 దాకా. ఆ తరువాత బ్యాంకు ఉద్యోగం. సినిమా ఎందుకు మానేశావని ఎవరైనా అడిగితే, నిలకడలేని బతుకు కదా అనేవాణ్ణి. అందులో సగమే నిజం.

పిల్లల ప్లాను చూస్తే ప్లానంటూ ఏమీ లేదు. అన్ని వైపుల నుంచీ తీసేసి తరువాత ఎడిటింగులో చూసుకుంటారట! మా రోజుల్లో 400 అడుగుల మ్యాగజీను నాలుగున్నర నిమిషాలకే ఖాళీ అయ్యేది. ముడిఫిలిం అంటే నిర్మాత ప్రాణం. అందుకని ప్రతి షాటూ ముందు కాగితం మీద పుట్టాల్సిందే. మీ దగ్గర ఐదు మ్యాగజీన్లే ఉన్నాయనుకోండి, ఇరవై రెండు నిమిషాలకు మించి తీయకూడదు అని షరతు పెట్టాను. కాసేపు గొణుక్కున్నారు. గీత గీసినట్టు లెక్క పెట్టేసరికి, ఏ మాటకు ఏం చూపించాలన్న ప్రశ్న వచ్చింది. అప్పుడు గానీ ఆ కీర్తనకు అర్థం ఏమిటని అడగలేదు ఎవరూ.

నవ్వే ముఖం చూడలేకపోతున్నానని రాముడితో మొరపెట్టుకోవడం అని చెప్పాను. మనవరాలు కాసేపు ఆలోచించి, “అయితే చివరిదాకా దీని ముఖం సరిగా చూపించకూడదు తాతా” అంది. చేతులు, తంబురా, వీపు, కిటికీ నీడ. ఆఖరి పల్లవికి మాత్రం పొడుగాటి నడవ చివర నుంచి మసకగా నడుచుకుంటూ వచ్చి, కెమెరాకు నాలుగడుగుల దూరంలో ఆగేసరికి ముఖం స్పష్టం కావాలి. అదీ స్లోమోషన్‌లో. నా గుండె కొంచెం జారింది. ఎందుకో తరువాత చెబుతాను.

స్లోమోషన్‌లో పెదవులు పాటకు కలవాలంటే మాకు పాత పద్ధతి ఒకటి ఉండేది. కెమెరా 48 ఫ్రేముల్లో తిప్పుతూ పాటను రెట్టింపు వేగంతో వేస్తారు. నటి ఆ వేగానికే పెదవి కదపాలి. తెర మీద 24 ఫ్రేముల్లో వేస్తే నడక నెమ్మదిస్తుంది, పెదవి పాటకు సరిపోతుంది. పిల్లలు 50 ఫ్రేముల్లో తీసి 25లో వేస్తామన్నారు, లెక్క అదే. మరి తంజావూరు పిల్ల రెట్టింపు వేగంలో తెలుగు పలకాలి! సాహిత్యం తమిళ లిపిలో రాసిచ్చాను, భజన పుస్తకాల్లోలాగా ‘గ’ రావలసిన చోట ‘క’ పక్కన చిన్న 3 అంకె వేసి. లేకపోతే ‘నహుమోము’ అయిపోతోంది. క్లోజప్‌లో పెదవి అబద్ధం చెప్పలేదు.

వెన్నెల కావాలని కూడా అడిగారు. ‘మాయాబజార్’ (1957) పడవ పాట చూపించాను. మార్కస్ బార్ట్‌లీ ఆకాశంలో చంద్రుడి కోసం కాచుకోకుండానే తెర మీద వెన్నెల కురిపించారని చెబితే నోళ్లు తెరిచారు. మన నడవకు వెన్నెల వద్దులే, సాయంత్రం ఎండ చాలు అనుకున్నాం.

మైలాపూరులో వాళ్ల స్నేహితురాలి పాత ఇల్లు దొరికింది. కొత్త కెమెరా దానంతట అదే ఫోకస్ చేసుకుంటుందన్నారు. చేసుకుంది, నడవలోని స్తంభాలకు! ఆ లెన్సు రింగు కూడా అంతూపొంతూ లేకుండా తిరుగుతుంది. గుర్తు పెట్టుకోవడానికి లేదు. చివరికి ఒకరి నాన్నగారి పాత స్టిల్ కెమెరా లెన్సు తగిలించాం. నేను టేపు తీసి, కెమెరా నుంచి ఆ పిల్ల కంటిదాకా కొలిచి, నేల మీద సుద్దముక్కతో నాలుగు గుర్తులు, రింగు మీద నాలుగు గుర్తులు పెట్టాను. “కళ్లతో చూస్తే తెలియదా తాతా, ఇన్ని కొలతలెందుకు?” అంది మనవరాలు.

1979లో సరిగ్గా ఇలాంటి షాటే. పాటలో కథానాయిక కెమెరా వైపు నడిచి వస్తుంది. ఫోకస్ నాది. 75 లెన్సు, వెలుతురు తక్కువ. ఆరడుగుల దగ్గర స్పష్టంగా ఉండే మేర నాలుగంగుళాలకు మించదు. తొందరలో కంటి అంచనాతోనే రింగు తిప్పేశాను. ఫిలిం కడిగి రష్ చూసేసరికి ముఖం మసక, వెనక గోడ మీది పువ్వులు స్పష్టం. సెట్టు అప్పటికే విప్పేశారు. కెమెరామన్‌గారు అరవలేదు. “టేపు పెట్టి కొలిచావా?” అని మాత్రం అడిగారు. కొలిచానండీ అన్నాను. అయితే లెన్సు సరిగా బిగించలేదన్నమాట అని, కెమెరాతో వచ్చే అటెండరు కుర్రాడి మీదకు పోయింది. మర్నాటి నుంచి ఆ కుర్రాడు కనిపించలేదు. కొన్ని నెలలకు నేనూ మానేశాను.

మనవరాలికి ఆరోజు ఇదేమీ చెప్పలేదు. దానికి తెలుగు మాట్లాడడం వచ్చు గానీ చదవడం రాదు. ఈ సంచిక ఇంటికి వచ్చాక మా కోడలు చదివి వినిపించాలి.

ఐదో టేకు అయింది. కెమెరా వెనకున్న చిన్న తెర మీద అందరూ చూసి చప్పట్లు కొట్టారు. ఎండ తగ్గిపోతోంది. పాడే పిల్ల అప్పుడే జడలో పూలు తీసేస్తోంది.

“బాగా వచ్చింది కదా తాతా?”

“లేదమ్మా. మూడో గుర్తు దగ్గర నేను ఆలస్యంగా తిప్పాను. పెద్ద తెర మీద వేస్తే తెలుస్తుంది. తప్పు నాదే. మళ్లీ తీద్దాం.”

ఎవరో తమిళంలో ఉసూరుమన్నారు. మనవరాలు నా ముఖంలోకి ఒకసారి చూసి, ఆ పిల్ల చేతిలోని పూలు తీసుకుని మళ్లీ జడలో పెట్టసాగింది. నేను టేపు పట్టుకుని వంగాను. చెరిగిపోయిన మూడో గుర్తు మీద మళ్లీ సుద్దతో గీశాను.