సేకరించినది ఎవరు?

ఈ వారం రాళ్ల గురించి రాస్తున్నాను. చదివి తిట్టండి, కానీ చదవండి.

సాలగ్రామం తెలుసు కదా, పూజగదిలో పెట్టుకునే నల్లరాయి. నేపాల్‌లో గండకీ నది దగ్గర దొరుకుతుంది. విష్ణుచక్రమని మొక్కే ఆ చుట్ట నిజానికి అమ్మొనైట్ అనే సముద్రజీవి గుల్ల. హిమాలయాలు లేవకముందు అక్కడున్న సముద్రంలో బతికి చచ్చింది. దాన్ని ఆడవాళ్లూ శూద్రులూ ముట్టుకోకూడదని రాసిన ధర్మగ్రంథాలున్నాయి. మనం ఆ లెక్కలోకే రాం. కోట్ల ఏళ్ల కిందట చచ్చిన గుల్లపురుక్కి కూడా మడి కట్టారు!

మా అక్క కూతురికి ఈ సంగతులేవీ తెలియవు. తొమ్మిదేళ్ల పిల్ల. మా బావ పల్నాడు సున్నపురాయి క్వారీల్లో పొక్లెయిన్ నేర్చుకుని, ఇప్పుడు తమిళనాడులో అరియలూరు దగ్గర ఒక సిమెంటు గనిలో నడుపుతున్నాడు. అరియలూరు అంటే మనకు అనిత ఊరు. ప్లస్ టూలో 1200కి 1176 మార్కులు తెచ్చుకుని, నీట్ అడ్డంపడి డాక్టరు సీటు రాక, 2017 సెప్టెంబరు 1న మనకు దక్కకుండా పోయిన కూలీ బిడ్డ. ఆ జిల్లా మట్టి కింద ఒక సముద్రం ఉంది. డైనోసార్లు తిరిగిన కాలపు సముద్రం. మన ఇళ్ల గోడలకి పూసే సిమెంటులో దాని అడుగున పేరుకున్న సున్నం కూడా ఉంటుంది.

గని బయట పోసిన కుప్పల్లో పిల్ల ఏడు రాళ్లు ఏరింది. వాట్సాప్‌లో ఫొటో పెట్టి, “పిన్నీ, వీటిమీద పువ్వు ఎవరు చెక్కారు?” అని అడిగింది. చిన్న బన్నురొట్టె అంత రాయి. పైన అయిదు రేకులు, ముగ్గు వేసినట్టు. నేను తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినదాన్ని, నాకేం తెలుసు. మా కాలేజీ జియాలజీ సార్‌కి చూపించాను. “సీ అర్చిన్ శిలాజం మేడమ్” అన్నాడు. ఒళ్లంతా ముళ్లుండే బంతిలాంటి సముద్రజీవి. చచ్చాక ముళ్లు రాలిపోతాయి, గుల్ల మిగులుతుంది.

తర్వాత పాఠం మొదలైంది. ఒక్క ఫొటో చాలదు. పైనుంచి, కిందినుంచి, పక్కనుంచి, వెనకనుంచి తీయాలి, పక్కన రూపాయి బిళ్ల పెట్టాలి. రేకుల్లా కనిపించేవి వరసగా ఉన్న సన్నటి రంధ్రాలు, వాటిలోంచి మెత్తటి గొట్టాల్లాంటి కాళ్లు బయటికొచ్చేవి. మొటిమల్లాంటివి ముళ్లు అతుక్కున్న చోట్లు. అన్నిటికంటే ముఖ్యం, నోరెక్కడ, ముడ్డెక్కడ. గుండ్రటి రకాల్లో నోరు కింద, ముడ్డి సరిగ్గా నడినెత్తిన. ఇసకలో దూరి బతికే రకాల్లో అది జరిగి జరిగి వెనక్కి వచ్చింది. ఈ మాటకి పిల్ల మూడు రోజులు నవ్వింది. నాలుగు రాళ్లకి వెనక సీసా ఆకారంలో గాడి ఉంది. “స్టిగ్మాటోపైగస్ కావచ్చు, చేతిలోకి తీసుకోందే ఖాయంగా చెప్పను” అన్నాడు సారు. పైగస్ అంటే గ్రీకులో పిర్ర. ఇంకో మూడు పొద్దు.

అరియలూరు చుట్టుపక్కల శిలాజాలను కే, కన్‌లిఫ్ అనే ఇద్దరు ఇంగ్లీషు దొరలు ఇంగ్లండు పంపితే, ఎడ్వర్డ్ ఫోర్బ్స్ 1846లో వర్ణించి పేర్లు పెట్టాడు. శాస్త్రం పెట్టిన పేరు వెనక వర్ణించినవాడి పేరు వస్తుంది, ఏరినవాడిది రాదు. ఆ ఎండలో ఒంగి ఏరిన చేతులు నిజంగా ఆ ఇద్దరివేనా అని నాకు అనుమానం. ఇంగ్లండులోనే చూడండి. లైమ్ రీజిస్‌లో వడ్రంగి కూతురు మేరీ ఆనింగ్. 1811లో అన్న జోసెఫ్‌కి ఇక్తియోసార్ పుర్రె దొరికితే, మరుసటేడు మిగతా ఒళ్లు ఆమె కనిపెట్టింది. అప్పటికి పన్నెండు, పదమూడేళ్లు. తండ్రి చనిపోయి ఇంట్లో అప్పులు. దాన్ని దాదాపు 23 పౌన్లకు అమ్ముకున్నారు. 1814లో ఎవరార్డ్ హోమ్ దానిమీద వ్యాసం రాశాడు, ఆనింగ్‌ల పేరు ఎక్కడా లేదు. లండన్ జియలాజికల్ సొసైటీ ఆడవాళ్లను సభ్యులుగా చేర్చుకోడానికి 1919 వచ్చేదాకా ఆమె బతికిలేదు. 1847లోనే పోయింది.

ఇదంతా ఎందుకంటే, పిల్ల బడిలో సైన్స్ ఎగ్జిబిషన్ పెట్టారు. టీచరు రాళ్లు చూసి మొదట అడిగిన మాట, “నీకెవరిచ్చారు?” గనికూలీ పిల్లకి దొరకడమేంటని. తర్వాత, లేబుల్ మీద ‘పాఠశాల సేకరణ’ అని రాయమన్నారు.

నా పీహెచ్‌డీ మాలపల్లెల్లో నాట్ల పాటల మీద. ప్రతి పాట పక్కనా పాడినామె పేరు, వయసు, ఊరు రాసుకున్నాను. “పాటే ముఖ్యమమ్మా, పేర్లన్నీ అనుబంధంలోకి తోసెయ్” అన్నారు ఒక పెద్దాయన. తొయ్యలేదు. దానికి నాకు ఆరు నెలలు ఆలస్యమైంది. కాబట్టి లేబుల్ విషయంలో నేను మొండిదాన్ని.

జియాలజీ సార్ కూడా నా పక్షమే, కారణాలు వేరు. లేబుల్ మీద పేరు తప్పయితే రేపు ఎవరైనా దిద్దుతారు, దొరికిన చోటు రాయకపోతే ఎవరూ తిరిగి తేలేరు, అప్పుడది వట్టి రాయి అన్నాడు. కుప్పలో దొరికిందా, పొరలోనే ఉందా అన్నదీ రాయాలట. యంత్రం తవ్వి కుప్ప పోస్తే ఏ పొరదో చెప్పలేం మరి. ఇంకా తేదీ. సేకరించినది ఎవరు, గుర్తించినది ఎవరు, రెండూ వేరువేరు గీతల మీద.

పిల్ల తెలుగులో ఒకటి, తమిళంలో ఒకటి రాసింది. రాయి అడుగున ఒక మూల మా అక్క తెల్ల గోళ్లరంగు చుక్క పెట్టి, ఆరాక దానిమీద నల్లసిరాతో నంబరు వేసింది. నాలుగో నంబరు లేబుల్ ఇలా ఉంది: “పేరు: స్టిగ్మాటోపైగస్? (సారు ఇంకా చూడాలి). చోటు: మా నాన్న గని వెనక కుప్ప, తుమ్మచెట్టు నుంచి ఇరవై అడుగులు. పొరలో కాదు, కుప్పలో.” కింద సేకరించినది అన్నచోట ఇంటిపేరుతో సహా తన పేరు, బండి నడిపింది నాన్న అని వాళ్ల నాన్న పేరు. ప్రశ్నార్థకం తీసెయ్యమని టీచరు అడిగితే తియ్యనన్నదట.

ఎగ్జిబిషన్‌లో బల్ల ఇచ్చారు, చివర్లో, నీళ్ల కుండ పక్కన. అయిదు, ఆరు, ఏడు నంబర్లకి పేరు దగ్గర ఖాళీ గీత ఉంది. సంక్రాంతి సెలవులకి రాళ్లతో సహా వస్తున్నారు, సారు భూతద్దం తెస్తానన్నాడు.