గుంత నిండితే ఏం చేయాలె?

దండారికి ఊళ్లకు పోయినప్పుడు మాలో నలుగురికి ఒకటే ప్రశ్న ఎదురైంది. "సర్కారోళ్లు కట్టిచ్చిన లెట్రిన్ గుంత నిండింది, ఇగ ఎట్ల బిడ్డా?" కొన్ని ఇండ్లల్ల అయితే అందులో కట్టెలు పెట్టుకున్నరు. కాలేజీ దాకా వచ్చింది మేమే కాబట్టి మాకు అన్నీ తెలుసనుకుంటరు. హాస్టల్‌కు వచ్చినంక చదివి తెలుసుకున్నం, అందుకే రాస్తున్నం.

రెండు గుంతల దొడ్డి అయితే భయం లేదు. ఒకటి నిండగానే మధ్యలో ఉన్న చాంబర్‌లో దాని దారి మూసి, రెండో గుంతకు తిప్పాలె. నిండిన గుంతకు మూత పెట్టి కనీసం ఏడాది, వీలైతే ఏడాదిన్నర ముట్టొద్దు. తడి భూమిలో ఇంకిపోయి, మిగిలింది నల్లటి పొడిమట్టి అయితది. వాసన ఉండదు. చేన్ల వేసుకోవచ్చు. 2017 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గరి గంగదేవిపల్లిలో కేంద్ర కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా గుంతలో దిగి ఆ ఎరువు తీసిండు. పెద్దసారు దిగితే ఫొటోలు వచ్చినయి, రోజూ దిగేటోళ్లకు రావు. అయినా మంచి పనే చేసిండు.

అయితే అక్కడ తీసింది ఎరువు. పూర్తిగా కుళ్లకముందే మలాన్ని మనిషి చేత ఎత్తించుడు 2013 చట్టం ప్రకారం నేరం. తేడా అంతా ఆ ఏడాది ఆగుడులోనే ఉంది.

సెప్టిక్ ట్యాంక్ సంగతి వేరు. అందులోది పచ్చి బురద, మిషన్‌తోనే తీయాలె. మొన్న మేముండే హాస్టల్‌కు ట్యాంకర్ వచ్చింది. అడుగున గట్టిపడ్డది పైపుకు రాలేదు. హెల్పర్ మా ఈడు పిలగాడు, ఉట్నూర్ దిక్కు మనోడే. బనీను మీద, చేతిల బకెట్‌తో దిగబోయిండు. మేము అడ్డం నిలబడ్డం. "దిగొద్దు తమ్మీ, గ్యాస్ ఉంటది." "రోజూ దిగుతనే ఉన్న అన్నా, దిగకుంటే కూలి కోస్తడు."

ఇది సింగరేణి గడ్డ. బాయిల మైనింగ్ సర్దార్ గ్యాస్ చూసి సరే అన్నంకనే షిఫ్టు మొదలైతది. పక్క క్వార్టర్ల ఉండే రిటైర్డ్ కార్మికుడు, మేము కాకా అంటం, ఆయన వచ్చి డ్రైవర్‌ను గట్టిగనే అడిగిండు. రక్షణ లేకుండా ట్యాంక్‌లోకి దింపితే మొదటి తప్పుకే రెండేండ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా అని మేము చదివి వినిపించినం. చనిపోతే కుటుంబానికి ముప్పై లక్షలియ్యాలని 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ పోరాటంలో ముందున్న బెజవాడ విల్సన్ కూడా కోలార్ బంగారు గనుల ఊర్లో పుట్టిన తెలుగాయనే. గని కాలనీ దొడ్లు ఎత్తిన కుటుంబం ఆయనది.

చివరికి నీళ్లు కొట్టి కలిపి, మళ్లీ పైపే పెట్టిన్రు. రెండు గంటలు పట్టింది. ఆ పిలగాడు మాతోనే మెస్సుల తిన్నడు. ఇదంతా ఎక్కడ పోస్తరంటే మాత్రం నవ్వి ఊరుకుండు. వాగులో పోస్తే దిగువన నీళ్లు తాగేది మళ్లీ మనమే. వరంగల్‌లో ఈ బురదను శుద్ధి చేసే ప్లాంటే ఉంది.

బండి నంబరు రాసుకున్నం, దరఖాస్తు తయారైంది. వచ్చే సోమవారం పెద్దపల్లి ప్రజావాణిలో ఇస్తం. మీ దగ్గర ఎవరినన్నా దింపుతుంటే 14420కి ఫోన్ చేయుండ్రి. మాతో వచ్చేటోళ్లు పొద్దున ఎనిమిదికి బస్టాండ్ల కలువుండ్రి.