రేగడిలో దిగిన రెండు టన్నులు

మూడు వరసల బండి కొన్నవాడు మూడో వరసలో కూర్చోడు. ముందు సీట్లో స్టీరింగ్ పట్టుకుని, అంత ఎత్తు నుంచి రోడ్డంతా కనిపిస్తుంటే మురిసిపోతాడు. వెనకాల ఉన్నవాళ్లు వాడికి అద్దంలో కదిలే తలకాయలు మాత్రమే. 2023 వేసవిలో తెనాలిలో ఒక ఫోర్ బై ఫోర్ కొన్నప్పుడు నా వరసా అదే. ఏ కంపెనీదో చెప్పను. బండి తన పని తాను చేసింది. తొందరపడి కొన్నదీ, తెలియక నడిపిందీ నేను.

కొనడానికి చెప్పుకున్న కారణాలు మాత్రం గట్టివే. ఇంట్లో అమ్మతో కలిపి నలుగురం, పండక్కి అక్క, బావ, మేనల్లుడు. భట్టిప్రోలు దగ్గర తాతల నాటి పొలం కొంత, బాపట్లలో మేనత్త. పైగా తుఫాను తీరం. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి వింటూ పెరిగినవాళ్లం. నీళ్లొస్తే దాటే బండి అంటే ఇంట్లో ఎవరు కాదంటారు? నాలుగు వీడియోలు చూసి వచ్చిన తెలివితో షోరూముల్లో లాడర్ ఫ్రేమ్ అనీ, డిఫరెన్షియల్ లాక్ అనీ దబాయించాను. కొత్త సఫారీకి ఫోర్ వీల్ డ్రైవ్ లేదని పక్కన పెట్టాను. ఇన్నోవా హైక్రాస్‌ను ముందు చక్రాలు మాత్రమే లాగుతాయని చులకన చేశాను. మూడో వరసలో మనిషి కూర్చోగల బండ్లు అవేనని తర్వాత అర్థమైంది.

పన్ను సంగతి కూడా పట్టించుకోలేదు. నాలుగు మీటర్లు మించిన పొడవు, 1500 సీసీ దాటిన ఇంజను, నేల నుంచి 170 మిల్లీమీటర్ల ఎత్తు, ఈ మూడూ ఉంటే అప్పట్లో జీఎస్టీ 28 శాతం, సెస్సు 22 శాతం. షోరూము ధరలో మూడో వంతు పన్నే. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ మొత్తం 50 శాతం కాస్తా 40 శాతానికి దిగింది. నా తర్వాత కొన్నవాళ్లది అదృష్టం.

తొలి సంక్రాంతికి ఏడుగురం పొన్నూరు మీదుగా బాపట్ల బయలుదేరాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఫుట్‌బోర్డు ఒక ఎత్తు, అక్కణ్నుంచి సీటు మరో ఎత్తు. వంటింట్లోంచి ముక్కాలిపీట తెచ్చి వేస్తే గానీ ఎక్కలేకపోయింది. ఆ పీట ఇప్పటికీ డిక్కీలోనే ఉంటుంది. తను దిగాల్సిన చోటల్లా ఎవరో ఒకరు ముందు దిగి పీట వేయాలి. "ఒరే, ఆ పాత కారే నయంరా, కూర్చుంటే కూర్చున్నట్టుండేది" అని అమ్మ ఆ రోజే తేల్చేసింది.

బావ ఆరడుగుల మనిషి. పెద్దరికం చూపించి, తనే మేనల్లుణ్ని తీసుకుని వెనక్కి దూరాడు. లాడర్ ఫ్రేమ్ బండికి అడుగున రెండు పొడవాటి ఉక్కు దూలాలుంటాయి, వెనక ఇరుసు ఉంటుంది, ఆ ఇరుసు పైకీ కిందికీ ఆడటానికి చోటు కావాలి. వీటన్నిటి మీద నేల పరుస్తారు కాబట్టి నేల ఎత్తుగా వస్తుంది. కప్పు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఇక సీటు నేలకు అతుక్కుపోయి, కూర్చున్నవాడి మోకాళ్లు గడ్డం దాకా లేస్తాయి. ఇరుసు నెత్తిమీదే కూర్చున్నట్టు గనక ప్రతి గుంతా నేరుగా నడుముకే. అప్పికట్ల వచ్చేసరికి బావ మాట్లాడటం మానేశాడు. మేనల్లుడు వాంతి చేసుకున్నాడు.

సామాను సంగతి ఇంకో తంతు. ఈ తరగతి బండ్లలో మూడో వరస నిలబెడితే డిక్కీ మిగలదు. ఫార్చ్యూనర్‌లో ఆ సీట్లను మడిచి రెండు పక్కలకూ ఎత్తి కడతారు, వెడల్పు పోతుంది. స్కార్పియో-ఎన్‌లో బెంచీ మడిచినా అక్కడే నిలబడి చోటు తింటుంది. మాకు అరిసెల డబ్బా అక్క ఒళ్లోకి, పచ్చడి జాడీ మా ఆవిడ కాళ్ల మధ్యకు వచ్చాయి. మేనత్తకు ఇవ్వాల్సిన బియ్యం బస్తా ఇంట్లోనే ఉండిపోయి మర్నాడు ఆర్టీసీ కార్గోలో వెళ్లింది.

ఇవన్నీ ఇంట్లోవాళ్లకు కలిగిన ఇబ్బందులు. నా తెలియనితనం ఊళ్లోవాళ్ల నెత్తిన పడింది మాత్రం ఆ పండక్కి ముందు నెలలో.

మిచౌంగ్ తుఫాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. డెల్టాలో వరి కోతకొచ్చిన వేళ. నిలబడిన చేను పడిపోయింది, కోసిన పనలు నీళ్లలో నానాయి. వాన తెరిపిచ్చాక పొలం చూడాలని నాకు ఒకటే ఆత్రం. మా భూమి కౌలుకు చేసే బాబాయ్ ఫోనులో "ఇప్పుడప్పుడే రాకు, డొంక దిగబడుద్ది" అన్నాడు. "నా దగ్గర ఫోర్ బై ఫోర్ ఉంది బాబాయ్" అన్నాను. అవతల కాసేపు మాట లేదు.

వేమూరు మీదుగా భట్టిప్రోలు దాకా తారురోడ్డు. అక్కడి నుంచి కాలవ కట్ట, కట్ట దిగితే డొంక. నాలుగు చక్రాల మీట నొక్కి ధీమాగా దింపాను. కాస్త దూరం బాగానే పోయింది. తర్వాత స్టీరింగ్ తిప్పినా బండి తన దారిన తాను పోవడం మొదలెట్టింది. నేను యాక్సిలరేటర్ తొక్కాను. అది చేయకూడని పని.

నల్లరేగడి ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. తడిస్తే నీళ్లు పీల్చి ఉబ్బి జిగురవుతుంది. ఆ జిగురు టైరు గాడుల్లో నిండిందంటే టైరు నున్నటి గుండు. కంపెనీ నుంచి వచ్చినవి తారురోడ్డు కోసం చేసిన టైర్లు, గాడులు సన్నం. ఫోర్ వీల్ డ్రైవ్ చేసేదల్లా ఇంజను బలాన్ని నాలుగు చక్రాలకూ అందించడమే. నేలను పట్టుకోవాల్సింది టైరు. పట్టు లేనప్పుడు రెండు చక్రాలు జారాల్సిన చోట నాలుగూ జారాయి, అంత త్వరగానూ దిగబడ్డాను. ట్రాక్టర్లు తొక్కిన లోతు చాళ్ల మధ్య మిగిలిన గట్టు మీద బండి పొట్ట ఆనింది. ఇక చక్రాలు ఎంత తిరిగినా బురద చిమ్మడమే.

బాబాయ్ గట్టు మీద నడిచి వచ్చాడు. పంచె పైకి కట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని, బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. "రేగడి తడిస్తే ట్రాక్టరోడే ఆలోచించి దిగుతాడు గదరా. ఎంత బరువుంటది ఇది?" అన్నాడు. రెండు టన్నులు పైనే అన్నాను. "అదీ సంగతి" అన్నాడు.

పక్క చేలో పడిపోయిన వరి కోయడానికి చైన్ మిషన్ తెచ్చారు. నా బండి కన్నా బరువైనదే, కానీ దాని బరువంతా వెడల్పాటి రబ్బరు గొలుసుల మీద పరుచుకుంటుంది. నాది నాలుగు అరచేతులంత చోట్ల గుచ్చుకుంటుంది. ఆ మిషన్ డ్రైవరు, ఇరవై ఏళ్ల కుర్రాడు, తాడు ఎక్కడ కట్టమంటారని అడిగాడు. నాకు తెలియదు. బంపరు కింద చేతికి తగిలిన కమ్మీకి కట్టించాను. ఒక్క లాగుకు కమ్మీ వంగి, బంపరు ఒక పక్క ఊడి వేలాడింది. చివరికి ఆ కుర్రాడే బురదలో పడుకుని చట్రానికి కట్టి లాగాడు. రాత్రి ఇంటికొచ్చి పుస్తకం తెరిస్తే, బంపరులో చిన్న మూత తీసి కొక్కెం బిగించాలని బొమ్మ వేసి మరీ రాసి ఉంది. ఆ కొక్కెం మూడో వరస సీటు కింద పనిముట్ల సంచిలో, కవరు కూడా విప్పకుండా, పడి ఉంది.

బంపరు పోతే పోయింది, డబ్బులిస్తే వస్తుంది. నా చక్రాలు తవ్విన గోతుల వల్ల ఆ డొంక ఇంకా పాడైంది. తడిసిన ధాన్యాన్ని త్వరగా ఆరబోయాలని అందరూ ఆరాటపడే రోజుల్లో, ఆ పక్క చేలవాళ్ల ట్రాక్టర్లు అటు పోలేక చుట్టు తిరిగి పోయాయి. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఆ తర్వాత నేర్చుకున్నవి చెబుతాను, ఎవరికైనా పనికొస్తాయి. నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే లో రేంజ్ గేర్లను బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి వేసుకోవాలి, అదీ బురదలోకి దిగకముందే. ఒక ఇరుసు మీది రెండు చక్రాలనూ కలిపి తిప్పే డిఫరెన్షియల్ లాక్ నేరుగా పోయేటప్పుడే, మలుపులో కాదు. చక్రం ఊరికే తిరగడం మొదలెట్టగానే కాలు తీసేయాలి. బురద టైర్లకు గాడులు వెడల్పుగా ఉండి మన్ను విదిల్చుకుంటాయి, కానీ తారురోడ్డు మీద అవి చేసే రొదకు ఇంట్లోవాళ్లు ఊరుకోరు. ఇవన్నీ తెలిసినా తడి రేగడిలోకి దిగకపోవడమే మంచిది. మా ఊళ్లో రైతులు ఆ పనే చేస్తారు.

ఇసుకైతే వేరే లెక్క. టైర్లలో గాలి సగానికి దించితే పోవచ్చు. అలాగని బాపట్లకు తొమ్మిది కిలోమీటర్లలో సూర్యలంక ఉంది కదా అని బండి దించకండి. శీతాకాలం చివర్లో ఆ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఉప్పు నీళ్లు చట్రాన్ని తినడం సరేసరి.

ఇంకో తెలివితక్కువ పని కూడా చేశాను. వాన పడితే పట్టు బాగుంటుందని నాలుగు చక్రాలకూ బలం వేసి, వాన వెలిసి రోడ్డు ఆరినా తీయకుండా పొన్నూరు దాకా పోయాను. మలుపుల్లో స్టీరింగ్ బిగదీసింది, టైర్లు కీచుమన్నాయి. నా బండి లాంటి పార్ట్ టైం ఫోర్ వీల్ డ్రైవ్‌లో ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి. ఆ తేడాను బురద భరిస్తుంది, పొడి తారు భరించదు. భారమంతా గేర్ల మీద పడుతుంది.

తెనాలిలో దీన్ని తిప్పడం నిత్యం ఒక పరీక్ష. స్కార్పియో-ఎన్ వెడల్పు 1917 మిల్లీమీటర్లు, ఫార్చ్యూనర్‌ది 1855, పొడవు రెండిటికీ నాలుగున్నర మీటర్లు పైనే. మా వీధి గేట్లు అంబాసిడర్ రోజుల్లో పెట్టినవి. గేటు స్తంభం ఒకటి కొట్టించి పక్కకు జరిపాను. సాయంత్రం బోసు రోడ్డులో ఆపడానికి చోటు దొరకదు, దొరికితే వెనక్కి తీయడానికి ఇద్దరు సాయం పట్టాలి. మా ఆవిడ ఒక్కసారి నడిపి, తాళాలు నా చేతిలో పెట్టి, స్కూటీ మీద బజారుకెళ్లిపోయింది.

డీజిల్ బండ్లలో డీపీఎఫ్ అని ఒక వడపోత ఉంటుంది. పొగలోని మసిని పట్టి, తర్వాత దాన్ని కాల్చేసుకుంటుంది. అలా కాలాలంటే పొగగొట్టంలో 600 డిగ్రీల దాకా వేడి కావాలి. ఇంటి నుంచి బడికి, బడి నుంచి బజారుకు తిరిగితే ఆ వేడి ఎక్కడ పుడుతుంది? డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. అప్పుడు ఏ పనీ లేకపోయినా రేపల్లె పోయి, 216 జాతీయ రహదారి ఎక్కి, చెరుకుపల్లి మీదుగా బాపట్ల వైపు నిలకడగా తోలుకు రావాలి. లీటరు డీజిల్ 97 రూపాయల చుట్టూ ఉన్న రోజుల్లో, పది పన్నెండు కిలోమీటర్లిచ్చే బండితో, మసి కాల్చడానికి షికారు. మేనత్త మాత్రం సంతోషించింది, తరచూ వస్తున్నానని.

మంచి లేదనను. రాత్రిపూట హైవే మీద ఆ ఎత్తూ, ఆ నిలకడా తెలిసినవాడికే తెలుస్తాయి. బాపట్లలో వాన దంచికొట్టి వీధుల్లో నీళ్లు నిలిస్తే చిన్న కార్లు ఆగిపోయిన చోట నేను మేనత్తను డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి తెచ్చాను. ఖాళీగా పోతే ఎగిరెగిరి పడే బండి నిండా మనుషులెక్కితే కుదురుగా నడుస్తుంది. రోడ్డు పాడైన చోట చక్రం కింద ఏముందో చూసుకోకుండా పోవచ్చు.

ఆ ధైర్యమే ప్రమాదం కూడా. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది, కొల్లూరు వైపు లంకల్లోకి నీళ్లొచ్చాయి. "నీ బండి తియ్, పోయొద్దాం" అని స్నేహితులు ఫోన్లు చేశారు. తీయలేదు. ఫోర్డ్ ఎండీవర్ లాంటిది 800 మిల్లీమీటర్ల లోతు దాటగలదని కంపెనీ చెప్పిందంటే, అది నిలిచిన నీళ్ల మాట. పారే నీళ్లు రెండడుగులుంటే చాలు, ఇలాంటి పెద్ద బండినైనా తేల్చి లాక్కుపోగలవు. ఆ రోజు పనికొచ్చినవి పడవలు.

బండి అమ్మలేదు. అమ్మితే వచ్చే ధర చూసి ఆగాను. కొక్కెం ఇప్పుడు డ్రైవింగ్ సీటు కిందే ఉంటుంది, మూడో వరస ఎప్పుడూ మడిచే ఉంటుంది. పండక్కి అక్కా వాళ్లు బస్సులో వస్తున్నారు.

నిజాంపట్నం వైపు రొయ్యల చెరువులుండి, కంకర బాటల్లో రోజూ రాత్రీపగలూ తిరగాల్సినవాళ్లు ఇలాంటి బండి కొనుక్కోవచ్చు, మంచి టైర్లు వేయించుకుని. తెనాలి వీధుల్లో ఉంటూ ఏడాదికి రెండు మూడు పండగలకు ఏడుగురు కలిసి బాపట్లో రేపల్లో వెళ్లేవాళ్లు చిన్న కారు ఉంచుకుని, ఆ రోజులకు ఇన్నోవా అద్దెకు తీసుకోవడమే లాభం.