సొరంగాల లెక్క

విశాఖలో కిరండూల్ రైలెక్కగానే అక్క కిటికీ పక్కన చేరింది. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన దారి అది. సొరంగం వచ్చినప్పుడల్లా పైకి లెక్కపెట్టడం మా చిన్ననాటి ఆట.

22 దగ్గర అక్క ఆపేసింది. "ఇంక నువ్వు చెప్పరా, నాకు ఓపిక లేదు." మాట ముక్కుతో వస్తోంది. దగ్గూ జలుబూ ఉన్నాయిగా, అదేననుకున్నాను.

అక్కకు నాలుగేళ్లుగా మయస్థీనియా గ్రావిస్. నరం పంపే కబురును కండరం అందుకునే చోటును ఒంట్లోని యాంటీబాడీలే దెబ్బతీస్తాయి. వాడేకొద్దీ కండరం సడలిపోతుంది. పొద్దున బాగానే ఉన్న కనురెప్పలు సాయంత్రానికి వాలిపోతాయి.

ఆ రాత్రి అరకు లాడ్జిలో రెండు ముద్దలకే దవడ అలిసిపోయింది. తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చాయి. తల నిలవక గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. ఆక్సీమీటరు మాత్రం 97 చూపిస్తోంది. హమ్మయ్య అనుకోబోతుంటే డాక్టరుగారి హెచ్చరిక గుర్తొచ్చింది: "ఈ జబ్బులో ఆ అంకె ఆఖర్న పడుతుంది. ఒక్క ఊపిరిలో ఎంతదాకా లెక్కపెడుతుందో చూడండి."

ఇంట్లో 35 దాకా వెళ్లే మనిషి, 12 దగ్గర ఆగిపోయింది.

సంచిలో అజిత్రోమైసిన్ అట్ట దొరికింది. దగ్గుకని మందుల షాపులో అడిగి తెచ్చుకుందట. ఈ జబ్బున్నవాళ్లకు ఇన్ఫెక్షనే ప్రమాదం, దానికి ఈ మందు తోడైంది. పిరిడోస్టిగ్మిన్ ఇంకోటి వేసుకుంటానంది. నేను ఒప్పుకోలేదు. అది మోతాదు మించితే చొంగ, కఫం పెరిగి ఊపిరికే అడ్డొస్తాయి.

108 వచ్చింది. అక్కను కూర్చోబెట్టే ఉంచి, అనంతగిరి మలుపుల మీదుగా దిగాం. దారంతా ఆమెను మాట్లాడనివ్వలేదు.

విశాఖలో నేరుగా ఐసీయూకే తీసుకెళ్లారు. తెల్లారేలోగా గొట్టం వేసి వెంటిలేటరు పెట్టారు. ప్లాస్మా మార్చడం ఒక దారి, ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించడం ఇంకొకటి అన్నారు. రెండోదే ఎంచారు. కిలో బరువుకు 2 గ్రాముల చొప్పున, 5 రోజులకు పంచి ఎక్కించారు.

ఎనిమిదో రోజున గొట్టం తీశారు. మర్నాడు డాక్టరుగారు లెక్కపెట్టమన్నారు. అక్క ఊపిరి పీల్చుకుని మొదలెట్టి, 24 దగ్గర ఆగింది. నావైపు తిరిగి బొంగురు గొంతుతో అంది:

"రైల్లో కంటే రెండు ఎక్కువేరా."