తుమ్మకొమ్మే బోర్డు

జగ్గయ్యపేటలో బస్సెక్కి నందిగామలో దిగేదాకా రోడ్డు పక్క 65 అంకె కనబడుతూనే ఉంది. 2010లో జాతీయ రహదారుల నంబర్లు మారకముందు ఇదే తొమ్మిదో నంబరు రోడ్డు. పక్క సీటు పెద్దాయనకు మాత్రం ఇప్పటికీ తొమ్మిదే.

నందిగామలో చందర్లపాడు ఆటో ఎక్కాను. 2022 ఏప్రిల్ 4న ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది. అయినా ఒక కొట్టు బోర్డు మీద కృష్ణా జిల్లా, పక్క కొట్టు మీద ఎన్టీఆర్ జిల్లా. రెంటికీ నడిమి గోడ ఒకటే!

కాస్త దూరం పోయాక ఊరి పేరు బోర్డు. సగం మీద పురుగుమందు పోస్టరు అంటించారు. మిగిలింది 'రావులపాడు'. నందిగామ మండలంలో అడవిరావులపాడుంది, చందర్లపాడు మండలంలో తోటరావులపాడుంది. మనం పోయేది అడవికా, తోటకా?

"ఏ రావులపాడు బాబూ ఇది?"

"బోర్డు చూసి ఎవరొస్తారు సార్, అడుక్కుంటా రావడమే," అన్నాడు డ్రైవరు.

అంతలోనే బ్రేకు వేశాడు. రోడ్డు మీద తుమ్మకొమ్మ, దానికి ఎర్రగుడ్డ పీలిక, చుట్టూ నాలుగు రాళ్లు. హెచ్చరిక బోర్డంటే ఎర్ర అంచున్న త్రిభుజమని పుస్తకంలో ఉంటుంది. ఇక్కడ కొమ్మ కనబడితే చాలు, అందరికీ అర్థమవుతుంది. దాని అవతల పత్తి బోరేల ట్రాక్టరు. ట్రక్కు చక్రం మార్జిన్లోకి దిగబడి, లోడంతా పొలం వైపు ఒరిగింది. ఇదంతా నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. పైన తారెంత నున్నగా ఉన్నా అంచు కుంగుతుంది.

బోరేలు కొన్ని దించి, చక్రం కింద రాళ్లు పెట్టి, పదిమందిమీ భుజాలానించి తోశాం. మూడోసారికి ట్రక్కు రోడ్డెక్కింది. నా చొక్కా నిండా పత్తి పింజెలే. బోరేలు మళ్లీ ఎక్కించుకుని ట్రాక్టరాయన దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

మా డ్రైవరు మాత్రం ఆటో ఎక్కలేదు. చక్రం కింది రాళ్లూ, కొమ్మ చుట్టూ ఉన్న రాళ్లూ ఒక్కొక్కటే కాలవలోకి దొర్లించాడు. "పొద్దుగూకితే మోటారుసైకిలోడికి ఇయ్యి కనబడవు సార్."

చందర్లపాడు చేరేసరికి దీపాలు పెట్టారు. దారిలో మీ బండి ఆగితే కొమ్మ పెట్టండి, తప్పులేదు. బండి కదిలాక రాయి తీయకుండా మాత్రం పోకండి.