ఆస్పత్రి వాసన బీరు

నాలుగు వారాలు పసిబిడ్డలా సాకిన బీరు. నిన్న రాత్రి మొదటి సీసా మూత తీశా. నురగ భేషుగ్గా పొంగింది, రంగు తేనెలా ఉంది. గుక్క వేశానో లేదో, చిన్నప్పుడు మోకాలికి అంటించిన ప్లాస్టర్ పట్టీ గుర్తొచ్చింది. మా ఆవిడ వాసన చూసి "సూది వేసేముందు రాసే దూదిని ఇందులో నానబెట్టారా ఏంటి?" అంది.

ముందు ఈస్టును తిట్టుకున్నా. తర్వాత సీసాలు సరిగ్గా కడగలేదేమో అనుకున్నా. అసలు దొంగ కుళాయి నీళ్లు! ఇక్కడ డాలస్‌లో నీళ్లను శుద్ధి చేయడానికి క్లోరమిన్ వాడతారు. మాల్టు, ఈస్టుల నుంచి వచ్చే ఫినాల్స్‌తో కలిస్తే క్లోరోఫినాల్స్ తయారవుతాయి. అవి ఏ కాస్త ఉన్నా నాలుక పట్టేస్తుంది. ఉత్త క్లోరిన్ అయితే నీళ్లను రాత్రంతా మూత తీసి ఉంచితే చాలావరకు పోతుంది. క్లోరమిన్ మొండిఘటం, అంత తేలిగ్గా వదలదు.

విరుగుడు క్యాంప్‌డెన్ బిళ్ల. ఒకటి 20 గ్యాలన్లకు సరిపోతుంది. నా 5 గ్యాలన్లకు పావు ముక్క చాలు. పావు ముక్క!

గరాజ్‌లో ఇంకా 47 సీసాలున్నాయి. పారబోయడానికి చేతులు రావట్లేదు. శనివారం మా బావమరిది వస్తానన్నాడు. వాడికి జలుబట.